తిరుపతి చుట్టుపక్కల అద్దె ఇల్లు: ఆయన పని రేణిగుంటలో, నాది టౌన్లో, పిల్లలు 7, 2 తరగతులు. ఎక్కడ చూసుకోవాలి?

ఇద్దరు_పిల్లల_అమ్మ
ఏప్రిల్ 14, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు గ్రీమ్స్‌పేట. మా ఆయనకు రేణిగుంట దగ్గర ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో పని దొరికి నాలుగు నెలలైంది. అక్కడే ఇద్దరు ఫ్రెండ్స్‌తో రూములో ఉంటూ వారానికోసారి ఇంటికి వస్తున్నారు. నేను ల్యాబ్ టెక్నీషియన్ని. తిరుపతిలో రుయా ఆస్పత్రి దగ్గర ఒక ల్యాబ్‌లో జూన్ 1 నుంచి రమ్మన్నారు. అందుకే ఈ వేసవిలోనే కాపురం మార్చేద్దామని అనుకున్నాం.

పాప ఏడో తరగతికి వస్తుంది, బాబు రెండో తరగతికి. మా అత్తగారు మాతోనే ఉంటారు. ఆమెకు మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేరు. ఇద్దరి జీతాలూ కలిపి చేతికి 43 వేలు వస్తుంది. అందులో చీటీకి 5 వేలు పోతుంది. అద్దెకు 9 వేలు దాటకూడదని మా లెక్క.

బ్రోకరు చూపించినవి ఇవి. చంద్రగిరిలో 7 వేలకు రెండు బెడ్‌రూములు. రేణిగుంటలో 8 వేలు. తిరుచానూరు అవతల 8,500. టౌన్లో కేటీ రోడ్డులో అడిగితే 15 వేలన్నారు, అక్కడితో ఊరుకున్నాను. నాకైతే చంద్రగిరి మీద మనసుంది, ఇల్లు పెద్దది, వాకిట్లో వేపచెట్టు కూడా ఉంది. కానీ తెలియని ఊరు. పిల్లల బడి సంగతి తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది. అక్కడ ఉంటున్న వాళ్లు చెప్పండి.

రేణిగుంట_జంక్షన్
ఏప్రిల్ 14, రాత్రి 10:15

అమ్మా, రేణిగుంట అంటే మీ ఆయన పని ఎటువైపు? గాజులమండ్యం ఇండస్ట్రియల్ ఎస్టేటా, వికృతమాల వైపా? షిఫ్టులున్నాయా? కంపెనీ బస్సు ఉందా? ఇవి తెలియకుండా ఎవరు సలహా ఇచ్చినా గాలిలో చెప్పినట్టే.

ఇద్దరు_పిల్లల_అమ్మ
ఏప్రిల్ 14, రాత్రి 10:32

వికృతమాల వైపు అన్నా. షిఫ్టులున్నాయి, ఉదయం 6 నుంచి 2, లేదా 2 నుంచి 10. వారానికోసారి మారుతుంది. బస్సు ఉంది, తిరుపతి నుంచి వస్తుందట, స్టాపులు ఎక్కడెక్కడో ఆయన్ని అడిగి చెబుతాను. నెలకు 300 పట్టుకుంటారట.

చంద్రగిరి_కోటవీధి
ఏప్రిల్ 15, ఉదయం 6:50

అక్కా, చంద్రగిరి మంచి ఊరు. నేను పుట్టిందీ ఇక్కడే, ఉంటున్నదీ ఇక్కడే. తిరుపతికి పన్నెండు పదమూడు కిలోమీటర్లు. పగలు బస్సులకు ఇబ్బంది లేదు. చిత్తూరు, పీలేరు, మదనపల్లె వైపు నుంచి వచ్చేవన్నీ ఈ దారినే వస్తాయి. కాట్పాడి లైన్లో ప్యాసింజరు రైళ్లు కూడా ఆగుతాయి. కూరగాయలు టౌన్ కన్నా తక్కువ ధరకు దొరుకుతాయి. ఆదివారం సాయంత్రం పిల్లల్ని కోటకు తీసుకెళ్తే రాజమహల్ ముందు పచ్చికలో రెండు గంటలు ఆడుకుంటారు.

కానీ ఒక మాట గట్టిగా చెబుతాను. చంద్రగిరిలో ఉంటే చంద్రగిరిలోనే చదివించండి. ఇక్కడ ఇల్లు తీసుకుని పిల్లల్ని తిరుపతి బడికి పంపే వాళ్లు మా వీధిలోనే నాలుగు కుటుంబాలు ఉన్నారు. ఏడుంబావుకు వ్యాను ఎక్కిస్తారు, పిల్లలు తిరిగొచ్చేసరికి సాయంత్రం ఐదున్నర. ఆ పిల్లల్ని కోటలో నేను ఎప్పుడూ చూడలేదు.

రేణిగుంట_జంక్షన్
ఏప్రిల్ 15, ఉదయం 8:05

వికృతమాల అయితే చంద్రగిరి మీకు పూర్తిగా ఎదురు దిక్కమ్మా. చంద్రగిరి తిరుపతికి పడమర, ఆయన ఫ్యాక్టరీ తూర్పు. ఆరు గంటల షిఫ్టుకు నాలుగున్నరకే బండి తీయాలి. రాత్రి పదికి షిఫ్టు దిగితే ఇంటికి చేరేసరికి పదకొండు దాటుతుంది, అదీ లారీలు తిరిగే హైవే మీద. రేణిగుంటలోనే ఉండండి. నేను రైల్వేలో పనిచేస్తాను, పదహారేళ్లుగా ఇక్కడే కాపురం. తిరుపతికి 10 కిలోమీటర్లు, బస్సు నిమిషాల మీద దొరుకుతుంది.

లోటు కూడా చెప్పాలి కదా. మా పెద్దోడు ఎనిమిదో తరగతికి వచ్చాక తిరుపతి బడికి మార్చాం. చిన్న క్లాసులకు ఇక్కడ సరిపోతుంది, పెద్ద క్లాసులకు వచ్చేసరికి టౌన్ వైపే చూస్తారు అందరూ. మీ పాప ఏడు కాబట్టి ఏడాదిలోనే మీకూ ఆ ప్రశ్న వస్తుంది.

కేటీరోడ్డు_మేడమీద
ఏప్రిల్ 15, ఉదయం 9:20

నా అభిప్రాయం వేరు. చిన్న ఇల్లైనా సరే, టౌన్లోనే ఉండండి. మేం నలుగురం ఒక్క బెడ్‌రూము ఇంట్లో ఉంటున్నాం, పదకొండు వేలు. పిల్లలు బడికి నడిచి వెళ్తారు. డాక్టరు, ట్యూషను, మార్కెట్టు అన్నీ చుట్టూనే. టౌన్లో అద్దెలు ఎందుకు ఎక్కువంటే ఓనర్లకు కాపురాలకు ఇవ్వడం కన్నా దర్శనానికి వచ్చే యాత్రికులకు రోజువారీ ఇవ్వడం లాభం. అందుకే ఇళ్లు తక్కువ. ఓపికగా బైరాగిపట్టెడ, కొర్లగుంట సందుల్లో తిరిగితే పది వేలలోపు దొరుకుతుంది.

ఇద్దరు_పిల్లల_అమ్మ
ఏప్రిల్ 15, మధ్యాహ్నం 1:10

మేడం, మేం ఐదుగురం. ఆయనకు రాత్రి షిఫ్టు దిగాక నిద్ర కావాలి, పాపకు చదువుకోవడానికి ఒక మూల కావాలి, అత్తగారు రాత్రిళ్లు రెండుసార్లు లేస్తారు. ఒక్క గదిలో కష్టం.

స్వర్ణముఖి_గట్టు
ఏప్రిల్ 15, సాయంత్రం 4:45

తిరుచానూరు అవతల 8,500 అన్నారు కదా, ఆ ఇల్లు నదికి ఎంత దూరమో ముందు కనుక్కోండి.

మేం 2021 నవంబరులో అక్కడే ఉన్నాం. 18, 19 తేదీల్లో కురిసిన వాన ఈ జన్మలో మరిచిపోలేను. ఎప్పుడూ ఎండిపోయి ఇసుక కనిపించే స్వర్ణముఖి ఒక్క రాత్రిలో గట్టు తెగేలా వచ్చింది. మా ఇంట్లోకి నడుము లోతు నీళ్లు వచ్చాయి. ఫ్రిజ్ తేలింది, పిల్లల పుస్తకాలు, సర్టిఫికెట్లు అన్నీ తడిసి ముద్దయ్యాయి. నది ఒడ్డున కొన్ని ఇళ్లు మా కళ్ల ముందే కూలిపోయాయి. మూడో రోజు రాయలచెరువు కట్టకు గండి పడుతుందన్న భయంతో రామచంద్రాపురం వైపు ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేయించారు. పిల్లలు ఇప్పటికీ గట్టిగా వాన పడితే మంచం మీదకు ఎక్కి కూర్చుంటారు.

తిరుచానూరు చెడ్డదని అనను. అమ్మవారి గుడి, ప్రశాంతత, రైల్వే స్టేషను, టౌన్‌కి 5 కిలోమీటర్లు. ఎత్తు మీద ఉన్న వీధులు చాలా ఉన్నాయి. కానీ ఇల్లు చూసేటప్పుడు ఓనరును అడగవద్దు, ఓనరు నిజం చెప్పడు. వీధి మొదట్లో ఇస్త్రీ బండి ఆయన్ని, చిల్లర కొట్టు ఆమెను అడగండి, '2021లో ఇక్కడ నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?' అని. వాళ్లు గోడ మీద చేయి పెట్టి చూపిస్తారు. తిరుచానూరు ఒక్కటే కాదు, ఆటోనగర్, మహిళా యూనివర్సిటీ చుట్టుపక్కల కూడా ఆ ఏడాది మునిగాయి. ఎక్కడ చూసినా ఈ ప్రశ్న అడగండి.

ఇంకోటి, కార్తీకంలో అమ్మవారి బ్రహ్మోత్సవాలప్పుడు, ముఖ్యంగా పంచమితీర్థం రోజు, ఆ రోడ్లన్నీ కట్టేస్తారు. అది ఏడాదికి కొన్ని రోజులే, సర్దుకోవచ్చు.

పుత్తూరు_ప్యాసింజర్
ఏప్రిల్ 15, సాయంత్రం 6:30

పుత్తూరు ఎవరూ చెప్పలేదు. తిరుపతికి 35 కిలోమీటర్ల చిల్లర. మా అద్దె 5,500, ముందు పెద్ద ఖాళీ స్థలం. రైలు సీజన్ టికెట్టు చాలా చవక. నేను పదేళ్లుగా తిరుపతికి రైల్లోనే వెళ్లి వస్తున్నాను. పిల్లలు పుత్తూరులోనే చదువుతున్నారు.

మీకు మాత్రం కుదరదు. రైలు వేళకు మీ ఆయన షిఫ్టు ఉండదు, షిఫ్టు వేళకు రైలు ఉండదు. రోడ్డు మీద అయితే మధ్యలో టోల్, కొండ మలుపులు. పగటి ఉద్యోగం ఉన్నవాళ్లు ఎవరైనా ఈ చర్చ చదువుతుంటే వాళ్ల కోసం రాశాను.

బస్సులో_పెరిగిన_పిల్ల
ఏప్రిల్ 15, రాత్రి 11:05

ఇక్కడ అందరూ పెద్దవాళ్లే రాస్తున్నారు. నేను అలా దూరం నుంచి బడికి తిరిగిన పిల్లని. అందుకని కొంచెం పొడుగ్గా రాస్తాను.

మాది పాకాల. ఆరో తరగతి నుంచి పది దాకా తిరుపతిలో చదివాను. మా నాన్న కష్టపడి మంచి బడిలో వేశారు, ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు. ఉదయం 6:20కి ఇంటి నుంచి బయలుదేరేదాన్ని. అమ్మ ఐదింటికే లేచి క్యారియర్ కట్టేది. ఆ వేళ ఆకలి వేయదు, ఇడ్లీ నోట్లో పెట్టి పంపేది, చంద్రగిరి దాటాక కడుపులో తిప్పేది. సాయంత్రం ఇల్లు చేరేసరికి ఆరు దాటేది. చలికాలమైతే చీకటిలో వెళ్లి చీకటిలో వచ్చేదాన్ని. మా వీధిలో పిల్లలు ఏం ఆటలు ఆడుకునేవారో నాకు తెలియదు. హోంవర్కు చేస్తూ నోట్‌బుక్ మీదే నిద్రపోతే అమ్మ పెన్ను తీసి పక్కన పెట్టేది.

ఎనిమిదో తరగతిలో నేను పెద్దమనిషినయ్యాను. ఈ విషయం ఎవరూ రాయరు కాబట్టి రాస్తున్నాను. ఆ నాలుగు రోజులు ఉదయం ఇంట్లో బయలుదేరితే మళ్లీ ఇంటికి వచ్చేదాకా, మధ్యలో బడి బాత్రూము ఎలా ఉంటే అలా. బస్సులో నిలబడి గంటకు పైగా ప్రయాణం. వెనక మరక పడిందేమోనని బ్యాగు వెనక్కి వేలాడేసుకుని నిలబడేదాన్ని. ఆ రోజుల్లో బడి మానేసేదాన్ని, లెక్కల్లో అలా వెనకబడ్డాను.

అక్కా, మీ పాప ఏడో తరగతి. వచ్చే మూడేళ్లూ ఆమెకు బడి ఇంటికి దగ్గరగా ఉండాలి. మీరిద్దరూ పెద్దవాళ్లు, ఇరవై నిమిషాలు ఎక్కువ తిరిగినా తట్టుకుంటారు. పాపను తిప్పకండి.

ఇద్దరు_పిల్లల_అమ్మ
ఏప్రిల్ 15, రాత్రి 11:40

చెల్లీ, చదివి ఏడుపొచ్చింది. నేను అద్దె నుంచి లెక్క మొదలుపెట్టాను, పాప నుంచి మొదలుపెట్టలేదు. మా ఆయనకు కూడా చదివి వినిపించాను, ఫోన్లో కాసేపు ఏమీ మాట్లాడలేదు.

స్కూలు_బస్సు_సారథి
ఏప్రిల్ 16, ఉదయం 5:30

డ్యూటీ ఎక్కే ముందు రాస్తున్నాను. పద్నాలుగేళ్లుగా తిరుపతిలో స్కూలు బస్సు నడుపుతున్నాను.

తల్లిదండ్రులు బడికి వచ్చి ఎన్ని కిలోమీటర్లు అని అడుగుతారు. కిలోమీటర్లు ముఖ్యం కాదు. రూటులో మీ స్టాపు మొదటిదా, చివరిదా అని అడగండి. నా రూటులో మొదట ఎక్కే పిల్లలు 7:05కి ఎక్కుతారు, బడి దగ్గర 8:30కి దిగుతారు. ఆ ఊరు బడికి పన్నెండు కిలోమీటర్లే. మధ్యలో ఇరవై రెండు స్టాపులు. చివర ఎక్కే పిల్లలు ఎనిమిది నిమిషాల్లో బడిలో ఉంటారు. ఫీజు మాత్రం ఇద్దరికీ ఇంచుమించు ఒకటే. సాయంత్రం కొన్ని బడుల్లో పొద్దున ముందు ఎక్కిన పిల్లల్నే ముందు దింపుతారు, కొన్నిట్లో పొద్దున ముందు ఎక్కిన పిల్లలే సాయంత్రం చివర దిగుతారు. అది కూడా అడగాలి.

స్కూలు బస్సుల ఫిట్‌నెస్ ఏటా మే 15తో అయిపోతుంది. జూన్ 12న బడులు తెరిచేలోపు మళ్లీ చేయించాలి. జూన్ మొదటి వారంలో బడికి వెళ్లి బస్సు ఎఫ్‌సీ అయిందా అని అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు. నేనైతే అడిగిన వాళ్లకు కాగితం చూపిస్తాను. ఆటోల్లో బయటికి వేలాడేలా పిల్లల్ని కుక్కే వాళ్ల దగ్గరికి మాత్రం పంపకండి, ఎంత తక్కువకు వచ్చినా సరే.

పదో తరగతికి వస్తే సాయంత్రం స్టడీ అవర్లు ఉంటాయి. ఆ వేళకు బస్సు ఉండదు, మీరే వెళ్లి తీసుకురావాలి.

లెక్కల_బుక్కు
ఏప్రిల్ 16, ఉదయం 10:50

అక్కా, కాగితం మీద వేద్దాం.

చంద్రగిరిలో ఉండి పిల్లలు తిరుపతిలో చదివితే: అద్దె 7,000. ఇద్దరికి వ్యాను, తలా 1,400 అనుకున్నా 2,800. కంపెనీ బస్సు చంద్రగిరికి రాకపోతే ఆయనకు బైకు. రోజుకు 50 కిలోమీటర్లు, 26 రోజులకు 1,300. లీటరుకు 45 వస్తే 29 లీటర్లు, 110 లెక్కన 3,200 దగ్గర. మొత్తం 13 వేలు. బండి సర్వీసు, టైర్లు వేరే. 7 వేల ఇల్లు కాదిది, 13 వేల ఇల్లు.

మీకు బస్సు ఖర్చు లేదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ చూపిస్తే జీరో టికెట్టు. కాబట్టి కుటుంబంలో దూరం వెళ్లడానికి ఖర్చు లేని మనిషి మీరే. మీ పనికి దగ్గరగా ఇల్లు చూడాల్సిన అవసరం లేదు. పిల్లల బడి, ఆయన బస్సు స్టాపు, ఈ రెండూ కలిసే చోటు వెతకండి.

కేటీరోడ్డు_మేడమీద
ఏప్రిల్ 16, ఉదయం 11:30

టికెట్టు ఉచితమే కానీ సాయంత్రం ఆరింటికి ఆ బస్సుల్లో ఎక్కడం ఎంత కష్టమో కూడా చెప్పండి. ఆమె రోజంతా నిలబడి పనిచేసి వస్తుంది.

లెక్కల_బుక్కు
ఏప్రిల్ 16, మధ్యాహ్నం 12:05

నిజమే మేడం. ఆ మాట నేను వదిలేశాను. అయితే బస్సు బయలుదేరే చోటికి దగ్గరగా ఆమె ఎక్కే వీలుందో లేదో కూడా చూడాలి.

మంగళం_మాస్టారు
ఏప్రిల్ 16, రాత్రి 8:20

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పనిచేస్తాను, మంగళంలో ఉంటాను. అమ్మా, మీరు మంగళం, కరకంబాడి రోడ్డు వైపు చూశారా? లీలామహల్ సర్కిల్ నుంచి మొదలయ్యే రోడ్డు ఇది. మంగళం మీదుగా కరకంబాడి దాకా వెళ్లి రేణిగుంట వైపు కలుస్తుంది. అంటే మీ ల్యాబుకూ మీవారి ఫ్యాక్టరీకీ మధ్య దారి. కరకంబాడిలో బ్యాటరీల ఫ్యాక్టరీ ఉండటం వల్ల ఈ రోడ్డు మీద షిఫ్టు బస్సులు తిరగడం మాకు అలవాటే. మీవారి కంపెనీ బస్సు ఇటు వస్తుందేమో అడగండి.

అద్దెలు టౌన్ కన్నా తక్కువ, చంద్రగిరి కన్నా ఎక్కువ. పాత కాలనీలు కాబట్టి మధ్యతరగతి, ఉద్యోగులు, కూలి పని వాళ్లు అందరూ కలిసి ఉంటారు. వేసవిలో కొండ వేడి కొడుతుంది, అది తప్పదు. కొన్ని వీధులకు మున్సిపల్ నీళ్లు రోజూ రావు. కొళాయి ఎన్ని రోజులకోసారి, ఎంతసేపు వస్తుందో పక్కింటి వాళ్లను అడగండి. బోరు ఉన్న ఇల్లయితే నీళ్లు నోట్లో పోసుకుని చూడండి. ఉప్పగా ఉంటే గీజరు, వంటపాత్రలు, పిల్లల జుట్టు అన్నీ దెబ్బతింటాయి.

బడి గురించి. మీ బాబుకు విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడిలో 25 శాతం సీట్ల అవకాశం లేదు, అది ఒకటో తరగతిలో చేరే పిల్లలకే. ఇంకా చిన్నపిల్లలు ఉన్నవాళ్లు మాత్రం ఇది గుర్తుపెట్టుకోండి, అక్కడ ఇంటికి బడి ఎంత దగ్గరన్నది లెక్కలోకి వస్తుంది. పాపకు టీటీడీ నడిపే శ్రీ పద్మావతి (ఎస్పీ) గర్ల్స్ హైస్కూలు టౌన్లో ఉంది, వెళ్లి అడగండి. దొరకకపోతే దగ్గర్లోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలను చూడకుండా తోసిపుచ్చవద్దు. నా ఉద్యోగం కాబట్టి అనడం లేదు. ఏ బడి అయినా రెండు చూడండి, లెక్కల టీచరు పోస్టు నిండి ఉందా, ఆడపిల్లల బాత్రూములో నీళ్లు వస్తున్నాయా. ఆ రెండూ బాగుంటే మిగతావి సర్దుకుంటాయి. పైన ఆ అమ్మాయి రాసింది చదివాక ఈ రెండోది మా బడిలో నేనే ఇంకోసారి చూసుకున్నాను.

చిత్తూరు బడి నుంచి టీసీ తీసుకునేటప్పుడు పిల్లల పెన్ నంబరు (ఆన్‌లైన్ బడి రికార్డుల్లో ఒక్కో పిల్లకు ఉండే శాశ్వత నంబరు) రాయించుకోండి. పాత బడి వాళ్లు ఆన్‌లైన్లో పిల్లల పేర్లు వదిలితేనే కొత్త బడి వాళ్లు చేర్చుకోగలరు. ఇది చేయకపోతే జూన్, జులై అంతా ఫోన్ల మీదే గడుస్తుంది. తల్లికి వందనం కింద ప్రభుత్వం వేసే డబ్బు కూడా పిల్లల వివరాలు సరిగ్గా ఎక్కితేనే పడుతుంది. బడులకు సెలవులు ఇవ్వకముందే ఈ పని ముగించండి, ఇక వారమే ఉంది.

ఏర్పేడు_దారిలో
ఏప్రిల్ 17, ఉదయం 7:15

ఐఐటీ, ఐసర్ వచ్చాక ఏర్పేడు వైపు కూడా ఇళ్లు కడుతున్నారు. మీ ఆయనకు దగ్గరే. మేం రెండేళ్లు ఉండి చూశాం. రోడ్డు విశాలం, గాలి బాగుంటుంది. కానీ రాత్రి పిల్లాడికి జ్వరం వస్తే తిరుపతికే పరుగెత్తాలి. ఇంట్లో పెద్దావిడ ఉన్నారు కాబట్టి మీకు వద్దంటాను. పైగా మోకాళ్ల నొప్పులంటున్నారు, టీటీడీ వాళ్ల ఎముకల ఆస్పత్రి బర్డ్ రుయాకు దగ్గర్లోనే ఉంది, టౌన్ వైపు ఉంటే చూపించుకోవడం తేలిక.

సొంతిల్లు_కావాలి
ఏప్రిల్ 17, ఉదయం 9:00

అద్దె ఎందుకు, ఊరికి కొంచెం దూరంగా రెండు సెంట్లు కొనేసుకోవచ్చు కదా? లేదంటే భోగ్యానికి తీసుకోండి. నాలుగైదు లక్షలు ఇస్తే మూడేళ్లు అద్దె ఉండదు, పోయేటప్పుడు డబ్బు వెనక్కి వస్తుంది.

ప్లాన్లు_గీసేవాడు
ఏప్రిల్ 17, మధ్యాహ్నం 2:40

లైసెన్సు సర్వేయర్ని. ఊరు తెలియకుండా మొదటి ఏడాది స్థలం కొనవద్దని ఎవరికైనా చెబుతాను. తిరుపతి చుట్టూ చవకగా దొరికే స్థలాల్లో ప్రభుత్వం పేదలకు ఇచ్చిన డీకేటీ పట్టాలు ఉంటాయి, వంక (వాగు) పోరంబోకు, చెరువు పోరంబోకు ఉంటాయి, మఠం భూములు, దేవస్థానం భూములు ఉంటాయి. కాగితం మీద అన్నీ ప్లాట్లలాగే కనిపిస్తాయి. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అప్రూవల్ ఉందా, సర్వే నంబరు రిజిస్ట్రేషను చేయకూడని 22ఏ నిషేధిత జాబితాలో ఉందా, ఈసీలో (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపించే సర్టిఫికెట్టు) ఏముంది, ఇవి మూడూ చూడకుండా రూపాయి అడ్వాన్సు ఇవ్వకండి. వంక అంటే వాన లేనప్పుడు ఖాళీ నేల. 2021లో ఆ ఖాళీ నేలల్లోనే నీళ్లు పారాయి.

భోగ్యం సంగతి. నాకు తెలిసిన ఒకాయన నాలుగు లక్షలిచ్చి ఇంట్లో దిగాడు. ఆ ఇంటి మీద అప్పటికే బ్యాంకు లోను ఉంది, ఓనరు కంతులు కట్టలేదు. ఒకరోజు బ్యాంకు వాళ్లు గోడకు నోటీసు అంటించి వెళ్లారు. డబ్బు కోసం రెండేళ్లుగా తిరుగుతున్నాడు. భోగ్యానికి తీసుకునే పనైతే ముందు ఈసీ తీయించండి. బ్యాంకు తాకట్టు కొన్నిసార్లు అందులో కనిపించదు, అందుకే ఇంటి అసలు దస్తావేజులు చూపించమనండి. అవి బ్యాంకులో ఉన్నాయంటే అక్కడితో ఆగిపోండి. మూడేళ్ల లీజుకు రిజిస్ట్రేషను తప్పనిసరి, పది రూపాయల పత్రం మీద సంతకాలు చాలవు.

ఇద్దరు_పిల్లల_అమ్మ
ఏప్రిల్ 17, రాత్రి 9:15

భోగ్యానికి అంత డబ్బు మా దగ్గర లేదు. స్థలం మాట ఇప్పుడు వద్దు. కంపెనీ బస్సు గురించి ఆయన కనుక్కున్నారు. ఒకటి రేణిగుంట రోడ్డు మీద, ఇంకోటి లీలామహల్ నుంచి కరకంబాడి రోడ్డు మీద వెళ్తుందట! మాస్టారూ, మంగళంలో ఆగుతుంది. ఆదివారం అత్తగారిని, పిల్లల్ని తీసుకుని వస్తున్నాం. మూడు చోట్లా చూస్తాం.

మంగళం_మాస్టారు
ఏప్రిల్ 17, రాత్రి 9:50

మంచిది. ఆదివారం ఇల్లు చూడండి, కానీ సోమవారం ఉదయం ఎనిమిదింటికి అదే వీధిలో ఒకసారి నిలబడండి. ఆదివారం ఏ రోడ్డైనా బాగానే ఉంటుంది.

ఇద్దరు_పిల్లల_అమ్మ
ఏప్రిల్ 21, రాత్రి 10:30

ఆలస్యంగా రాస్తున్నాను, మన్నించండి. ఆదివారం, సోమవారం రెండు రోజులూ తిరిగాం.

మొదట చంద్రగిరి వెళ్లాం. ఇల్లు నిజంగా బాగుంది. వేపచెట్టు కింద అత్తగారు కూర్చుని, ఇక్కడే ఉందామన్నారు. నేనూ ఒక నిమిషం మెత్తబడ్డాను. అప్పుడు మా పాప అడిగింది, 'అమ్మా, నాన్న పొద్దున ఎన్నింటికి వెళ్తాడు?' అని. ఆయన నాలుగున్నర అని చెప్పారు. ఇంకేమీ అడగలేదు. అక్కడి నుంచి వచ్చేశాం. చంద్రగిరి అన్నా, ఊరు బాగుంది, మా పని అటువైపు ఉంటే కళ్లు మూసుకుని వచ్చేవాళ్లం.

తిరుచానూరు అవతలి ఇంటి దగ్గర చిల్లర కొట్టు ఆమెను అడిగాను. ఆమె తన మెడ దగ్గర చేయి పెట్టి చూపించింది. అంతే, ఇల్లు లోపలికి కూడా వెళ్లలేదు. ఈ మాట చెప్పినందుకు స్వర్ణముఖి గట్టు గారికి చేతులెత్తి దండం పెడుతున్నాను. బ్రోకరు ముఖం మాడ్చుకున్నాడు.

మంగళంలో ఐదు ఇళ్లు చూశాం. రెండిట్లో మెట్లు, ఒకదానిలో బోరు నీళ్లు ఉప్పు, ఒకదాని ఓనరుకు మా ఆయన రాత్రి పదకొండుకు గేటు తీయడం ఇష్టం లేదు. ఐదోది కింది అంతస్తు, రెండు చిన్న గదులు, హాలు, 9,500. మా లెక్క కన్నా 500 ఎక్కువ. కొళాయి రెండు రోజులకోసారి వస్తుంది, సంపు ఉంది. బాబుకు ప్రైవేటు బడి రెండు వీధుల అవతల. పాపకు ఉన్నత పాఠశాల నడిచి పన్నెండు నిమిషాలు, సోమవారం ఉదయం బడి వేళకు పాపతో కలిసి నేనే నడిచి చూశాను. లెక్కల టీచరు ఉన్నారు. బాత్రూము చూడనిస్తారా అని అడిగితే హెడ్మాస్టరు గారు ఆశ్చర్యపోయి, తర్వాత ఆయాను పిలిచి తాళం ఇప్పించారు. నీళ్లు వస్తున్నాయి. ఒక తలుపు గడియ పడటం లేదు. చెబితే రాసుకున్నారు.

పెద్ద ప్రైవేటు బడి కాదని మా అన్న కొంచెం నొచ్చుకున్నాడు. నాకూ లోపల కాస్త భయంగానే ఉంది. ఆ ఫీజు, బస్సు డబ్బులు మిగులుతాయి కాబట్టి ఇంగ్లిషుకు ఇంటి దగ్గర ట్యూషను పెడదామనుకుంటున్నాం.

రెండు నెలల అడ్వాన్సు ఇచ్చేశాం. మే 25న సామాను దించుకుంటాం.

బస్సులో_పెరిగిన_పిల్ల
ఏప్రిల్ 21, రాత్రి 10:48

పన్నెండు నిమిషాలు! పాపకు నా ముద్దులు చెప్పండి అక్కా.

చంద్రగిరి_కోటవీధి
ఏప్రిల్ 22, ఉదయం 7:00

మంచి పని చేశారు. సెలవు రోజు అందరూ కోటకు రండి, మా ఇంట్లో భోజనం.

స్కూలు_బస్సు_సారథి
ఏప్రిల్ 22, ఉదయం 7:30

నడిచే దారిలో కరకంబాడి రోడ్డు దాటాలా పాప? దాటాల్సి వస్తే మొదటి పదిహేను రోజులు పెద్దవాళ్లు ఎవరైనా తోడు వెళ్లండి. ఆ రోడ్డు మీద పొద్దున షిఫ్టు బస్సులు వేగంగా వస్తాయి. నేనూ అదే రోడ్డు మీద నడుపుతాను.

ఇద్దరు_పిల్లల_అమ్మ
ఏప్రిల్ 22, మధ్యాహ్నం 1:20

దాటాలి అన్నా, ఒకచోట. మధ్యాహ్నం షిఫ్టు ఉన్న వారాల్లో ఉదయం ఆయనే తీసుకెళ్తారు, ఉదయం షిఫ్టు వారాల్లో నేను దింపి ల్యాబుకు వెళ్తాను. సాయంత్రం నాకు ఆరు దాకా పని. ఆయనకు మధ్యాహ్నం షిఫ్టు ఉన్న వారం పాప తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు దగ్గర ఎవరూ ఉండరు, అదొక్కటే తేలలేదు. పక్క వీధిలో అదే బడికి వెళ్లే తొమ్మిదో తరగతి అమ్మాయి ఉందని ఇంటి ఓనరమ్మ చెప్పారు. దిగిన రోజే వాళ్లింటికి వెళ్లి మాట్లాడతాను.